చూపు నేర్పని చదువు: కళావిద్యను కాదనే వాదాల ఖండన

బడిలో పిల్లలకు చిత్రలేఖనం, మట్టిపని, సంగీతం, అభినయం నేర్పడం చదువులో భాగం కాదనీ, అసలు చదువు ముగిశాక మిగిలే తీరికకు చెందిన ముచ్చట అనీ ఒక అభిప్రాయం తెలుగునాట గట్టిగా వేళ్ళూనుకుని ఉంది. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ కొల్లేటి చుట్టూ ఉన్న లంక గ్రామాల్లోనూ తల్లిదండ్రులు, పాఠశాలల యాజమాన్యాలు, చాలాచోట్ల ఉపాధ్యాయులు సైతం ఈ అభిప్రాయాన్ని వేరే రుజువు అక్కరలేని సత్యంగానే స్వీకరించారు. దీన్ని ఎవరూ గ్రంథం రాసి సమర్థించలేదు. టైమ్‌టేబుల్ రూపంలో అది రోజూ అమలవుతోంది. ఆరో తరగతిలోనే ఫౌండేషన్ కోర్సు పేరుతో ఇంజనీరింగ్, వైద్య ప్రవేశ పరీక్షల తర్ఫీదు మొదలుపెట్టి, తెల్లవారుజామున స్టడీ అవరుతోనూ సాయంత్రం స్లిప్ టెస్టుతోనూ రోజంతా నింపేసిన దినచర్యలో బొమ్మల పీరియడ్‌కు చోటు దొరకదు. దొరికిన చోట కూడా లెక్కల సిలబస్ వెనకబడినప్పుడల్లా ముందుగా పోయేది ఆ పీరియడే. పిల్లల చదువులో దేనికి ఎంత విలువ ఉందో బడి మాటలతో చెప్పనక్కరలేదు. ఏ పీరియడ్‌ను అడగకుండా తీసుకోవచ్చో చూసి పిల్లలు తెలుసుకుంటారు.

ఎదుటివారి వాదాన్ని దాని బలమైన రూపంలో ముందుగా నిలబెట్టి ఆ తరువాతనే ఖండించాలన్నది భారతీయ తర్క సంప్రదాయం. అలా నిలబెట్టిన వాదాన్ని పూర్వపక్షం అంటారు. కళావిద్యకు ఎదురైన పూర్వపక్షాన్ని న్యాయంగా చెప్పాలంటే ఇలా ఉంటుంది. చేపల చెరువు గట్టున కాపలా ఉండే మనిషి, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు దింపే మనిషి అప్పు చేసి బిడ్డను చదివిస్తున్నది ఆ బిడ్డకు ఒక ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో. బొమ్మలు వేస్తే ఉద్యోగం రాదు. పైగా బొమ్మలు వేయడం కొందరికి పుట్టుకతో వచ్చే వరం, వరం ఉన్నవాడు బడి నేర్పకపోయినా వేస్తాడు, లేనివాడికి ఎంత నేర్పినా చేతికి రాదు. తెలుగు పాఠం తడుముకోకుండా చదవలేని పిల్లలున్న బడిలో రంగులకూ కుంచెలకూ సమయం కేటాయించడం ఉన్నవాళ్ళ సరదాను లేనివాళ్ళ నెత్తిన రుద్దడమే అవుతుంది. వీటన్నిటికీ తోడు, కొత్త జాతీయ విద్యావిధానం కళను అన్ని సబ్జెక్టుల్లో కలిపి బోధించమంటున్నది గనుక దానికి విడిగా పీరియడూ ఉపాధ్యాయుడూ ఎందుకన్న ప్రశ్న ఇటీవల చేరింది. ఈ వాదాలు వేటికవి వేరుగా కనిపించినా వాటి అడుగున ఉన్న భావన ఒక్కటే: కళ అంటే అందమైన వస్తువును తయారుచేయడం, ఆ వస్తువు లేకపోయినా బతుకు గడుస్తుంది. ఆ భావనే పొరపాటు. కంటి ముందున్న దాన్ని ఉన్నది ఉన్నట్టు చూడగలగడం, చూసినదాన్ని ఒక రూపంలో నిలపగలగడం బడిలో కళావిద్యకు లక్ష్యం. ఆ రెండు శక్తులూ భాషలాగా, గణితంలాగా నేర్పితే వచ్చేవే. నేర్పని పిల్లలకు అవి లేకుండానే పోతాయి.

ఈ మాట ఎంతవరకు నిజమో కొల్లేటి ఒడ్డునే పరీక్షించవచ్చు. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు, అంటే పెలికాన్‌లు, చెట్లమీదా అటవీశాఖ నిలబెట్టిన కృత్రిమ మంచెల మీదా గుంపులుగా గూళ్ళు కడతాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు వాటిని పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంటారు. అయినా తరగతిలో కూర్చుని పెలికాన్ బొమ్మ వేయమంటే పదేళ్ళ పిల్లవాడు సాధారణంగా వేసేది పెలికాన్‌ను కాదు; కోడిగుడ్డు ఆకారంలో ఒక ఒళ్ళు, దానికి గుండ్రటి తల, ముందుకు పొడుచుకొచ్చిన త్రిభుజపు ముక్కు, కింద రెండు నిలువు గీతల కాళ్ళు. అది పక్షి అనే మాటకు బదులుగా వాడే గుర్తు మాత్రమే. అదే పిల్లవాణ్ణి పక్షి ఎదుట కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చి, తెలిసిన ఉపాధ్యాయుడు ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ పోతే సంగతి మారిపోతుంది. సంచి మెడకు వేలాడుతోందా, కింది ముక్కుకు వేలాడుతోందా? పై ముక్కు అంచు వెంబడి వరసగా ఉన్న మచ్చలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయి? నీటి మీద ఉన్నప్పుడు నిటారుగా కనిపించే మెడ ఎగిరేటప్పుడు ఏమవుతోంది? ఈ చివరి ప్రశ్నకు జవాబు వెతుకుతూ తలెత్తి చూసిన పిల్లవాడు పెలికాన్ ఎగిరేటప్పుడు మెడను వెనక్కి మడిచి తలను భుజాల మధ్యకు లాక్కుంటుందనీ, ఆ పక్కనే ఎగిరే పెయింటెడ్ స్టార్క్ కొంగ మెడను ముందుకూ కాళ్ళను వెనక్కూ చాచి ఎగురుతుందనీ తానే కనిపెడతాడు. అంత దూరాన ఆకాశంలో రంగు తెలియకపోయినా ఆకారాన్ని బట్టి ఏ పక్షో చెప్పగలగడం ఆ క్షణం నుంచి అతనికి వస్తుంది. అతను వేసిన బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. పదేళ్ళుగా చూస్తున్నదాన్ని అతను మొదటిసారి చూశాడు, ఆ చూపును పెన్సిలు సాధ్యం చేసింది.

పుట్టుకతో వచ్చే వరం అన్న వాదానికి జవాబు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పనిచేసిన కళావిద్యాచార్యుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన గ్రంథంలో పిల్లల బొమ్మలు వయసుతో పాటు ఏ దశల గుండా సాగుతాయో వివరించాడు. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ దాకా గీతలు గిలకడం, ఆ తరువాత గీతలకు మనిషి, ఇల్లు వంటి అర్థాలు తగిలించడం, ఏడు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య ప్రతి వస్తువుకూ ఒక స్థిరమైన గుర్తును ఏర్పరచుకుని దాన్నే పదేపదే వాడడం జరుగుతాయి. పైన చెప్పిన గుడ్డు ఆకారపు పక్షి అలాంటి గుర్తే. తొమ్మిది, పన్నెండేళ్ళ మధ్య పిల్లలకు ఆ గుర్తు చాలదనిపిస్తుంది. తాము వేసింది కంటికి కనిపించేదానిలా లేదన్న అసంతృప్తి మొదలవుతుంది. ఆ అసంతృప్తి పిల్లవాడి కన్ను ఎదిగిందనడానికి సాక్ష్యం. చెయ్యి ఇంకా దాన్ని అందుకోలేదు. సరిగ్గా ఆ వయసులో, అంటే ఐదో తరగతికీ ఏడో తరగతికీ మధ్య, దగ్గర ఉన్నదీ దూరంగా ఉన్నదీ ఎలా చూపాలో, వెలుగు పడిన వైపును నీడ వైపు నుంచి ఎలా వేరు చేయాలో, వస్తువుల మధ్య ఖాళీని ఎలా కొలవాలో చెప్పేవారుంటే అతను ముందుకు సాగుతాడు. ఎవరూ లేకపోతే తనకు బొమ్మలు రావని తీర్మానించుకుని పెన్సిలు పక్కన పెడతాడు. తెలుగు బడి అతన్ని వదిలేసేది ఆ వయసులోనే, ఫౌండేషన్ తరగతి మొదలయ్యేదీ ఆ వయసులోనే. తాను చేయి వదిలేసినందువల్ల ఆగిపోయిన పిల్లవాణ్ణి చూపించి, చూశారా, వీడికి వరం లేదు అని సమాజం అంటున్నది. భిన్నాలు చెప్పేవారు లేక ఐదో తరగతిలో లెక్కలు మానేసిన పిల్లవాడి విషయంలో మాత్రం ఎవరూ వరం మాట ఎత్తరు, మాస్టారు లేరంటారు.

వరం ఉన్నవాడు ఎలాగైనా పైకి వస్తాడన్నదానికి ఈ ప్రాంతపు మహనీయులనే సాక్ష్యంగా తెస్తుంటారు. నరసాపురంలో 1933లో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, తెలుగువారి గీతకే ఒక రూపు ఇచ్చిన బాపు పేరు అందరికంటే ముందు వస్తుంది. ఒక బాపు రాణించడం వల్ల బడి అవసరం లేదని రుజువు కాదు. బడి లేకపోవడం వల్ల ఆగిపోయినవారి లెక్క ఎవరి దగ్గరా లేదు గనుక ఆ వాదం ఒక పక్క తూకపు రాళ్ళను మాత్రమే చూపిస్తోంది. పైగా గోదావరి మండలపు చిత్రకళా చరిత్ర ఆ వాదానికి ఎదురు చెబుతోంది. రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావును అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించాడు. ఆ ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరి శిక్షణ పొంది, తిరిగి వచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో 27 ఏళ్ళ ప్రాయంలోనే మశూచితో మరణించేనాటికి శిష్యులను తయారుచేశాడు. భీమవరం ప్రాంతానికి చెందిన అడివి బాపిరాజు కూడా రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో కూల్డ్రే విద్యార్థి. ఆ తరువాత బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటోపాధ్యాయ దగ్గర చిత్రలేఖనం అభ్యసించాడు. ప్రతి పేరు వెనకా ఒక బడి, ఒక గురువు, బొమ్మ వేస్తున్న విద్యార్థిని చదువు పాడుచేసుకుంటున్నాడని గద్దించని ఒక పెద్దమనిషి ఉన్నారు. అయినా అసలు జవాబు ఇది కాదు. తెలుగు వాచకం చదివించేది ప్రతి విద్యార్థీ కవి కావాలని కాదు, గణితం చెప్పేది ప్రతివాడూ రామానుజన్ కావాలని కాదు. మహాకళాకారుల పుట్టుక బడి బాధ్యత కానే కాదు. సాధారణ పిల్లల చూపు బడి బాధ్యత.

ఉద్యోగం రాదన్న వాదం ఈ పూర్వపక్షంలో అన్నిటికంటే బరువైనది, ఎందుకంటే దాని వెనక అప్పు పత్రాలున్నాయి. దాన్ని తేలిగ్గా తోసిపుచ్చేవారికి లంక గ్రామపు బతుకు తెలియదు. అయితే ఆ బతుకునే దగ్గరగా చూస్తే వాదం నిలబడదు. 1999లో కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినప్పుడు దాని హద్దును ఐదో కాంటూరుగా నిర్ణయించారు. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న బిందువులన్నిటినీ కలుపుతూ పటం మీద గీసే వంకర గీతను కాంటూరు అంటారు; ఐదో కాంటూరు అంటే ఐదడుగుల ఎత్తు గీత. ఆ గీత లోపల 308 చదరపు కిలోమీటర్ల నేల ఉంది. 2002లో ఈ సరస్సుకు రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేల అన్న హోదా వచ్చింది. 2006 ప్రాంతంలో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పగలగొట్టించింది. గీతను మూడో కాంటూరుకు కుదించాలన్న కోరిక మీద ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి. ఒక ఊరి చెరువు, ఒక కుటుంబపు పొలం, ఒక పక్షి గూడు పెట్టే చోటు కాగితం మీది ఒక గీతకు లోపల ఉన్నాయా బయట ఉన్నాయా అన్నదాని మీద ఇక్కడివారి జీవితం పాతికేళ్ళుగా ఆధారపడి ఉంది. ఎత్తుపల్లాలున్న నేలను చదునైన కాగితం మీద గీత ఎలా చూపిస్తుందో, అలాంటి గీతలు ఒకదానికొకటి దగ్గరగా వస్తే వాలు ఎక్కువనీ దూరంగా పోతే నేల దాదాపు సమతలమనీ ఎలా తెలుస్తుందో అర్థం చేసుకోవడానికి మొదటి మెట్టు తన ఊరి గట్టునూ కాలువనూ పిల్లవాడు తన చేత్తో గీసి చూడడమే. సర్వే పటం ఎదుట పెద్దలు తెల్లముఖం వేస్తున్న ఊళ్ళో పిల్లలకు బొమ్మల చదువు అక్కరలేదనడం ఆ పిల్లలకు ఉపకారం కాదు.

ఇదే జిల్లాల్లో చేతిపని చరిత్ర మరొక సంగతి చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వేలాది స్త్రీల చేతిలో ఎగుమతి పరిశ్రమగా ఎదిగింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించింది. గంటల కొద్దీ కళ్ళు పొడుచుకుని చేసే ఆ నిపుణమైన శ్రమను గృహిణుల తీరిక వేళల కాలక్షేపంగా వర్ణించడం వల్లనే దానికి అత్యల్పమైన కూలి ఇవ్వడం సాధ్యమైందని ఆమె చూపించింది. కళను తీరిక సరుకుగా పేర్కొనే మాట కేవలం అభిరుచికి సంబంధించిన మాట కాదనడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కరలేదు. అలా పేర్కొన్న చోట కూలీ తగ్గుతుంది. పారశీకం నుంచి వచ్చి స్థిరపడినవారితో మొదలైందని చెప్పుకునే ఏలూరు ఉన్ని తివాచీల పని కూడా ఆ ఊరి పిల్లలకు పాఠంగా పరిచయం కావాలి. ఏ ముడికి ఏ రంగు ఉన్ని పడితే దూరం నుంచి అది పువ్వుగా కనిపిస్తుందన్నది తెలిసిన చేతులు తమ ఊళ్ళోనే ఉన్నాయని ఏలూరు పిల్లవాడికి చెప్పవలసింది ఏలూరు బడే. ఇక ఫౌండేషన్ తరగతుల గమ్యమైన ఇంజనీరింగ్ విషయానికే వస్తే, ఆ చదువు మొదటి ఏడాది పాఠాల్లోనే ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఎదురవుతుంది. ఒక వస్తువును పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో మూడు బొమ్మలుగా వేయడమూ, ఆ మూడు బొమ్మలు చూసి వస్తువును మనసులో నిర్మించుకోవడమూ అందులోని పని. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటి చోట సీటు సంపాదించడమే లక్ష్యమని చెప్పి, ఆ చదువులో మొదట అవసరమయ్యే శక్తినే పదకొండేళ్ళ వయసులో తీసివేస్తున్నారు.

ఇంతమాత్రాన ఉపయోగాల జాబితా మీద కళావిద్యను నిలబెట్టాలని కాదు. కళావిద్యకు మిత్రులమనుకునేవారు చేస్తున్న పొరపాటు అదే కావడంతో, శత్రువుల వాదంతో పాటు ఆ మిత్రుల వాదాన్నీ ఖండించక తప్పదు. బొమ్మలు వేస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయనీ, సంగీతం వింటే తెలివి పెరుగుతుందనీ వారు చెబుతారు. 1993లో ఫ్రాన్సెస్ రౌషర్, ఆమె సహచరులు నేచర్ పత్రికలో ప్రచురించిన చిన్న పరిశోధన ఇలాంటి ప్రచారానికి ఊపిరి పోసింది. అందులో పాల్గొన్నవారు కాలేజీ విద్యార్థులు, పసిపిల్లలు కారు. మొజార్ట్ సంగీతం పది నిమిషాలు విన్న తరువాత ఆకారాలకు సంబంధించిన ఒక రకపు ప్రశ్నల్లో కనిపించిన మెరుగుదల పావుగంట కూడా నిలవలేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి శిశువుకూ సంగీతపు క్యాసెట్ పంచడానికి నిధులు ప్రతిపాదించేదాకా ఆ ప్రచారం వెళ్ళింది. కళలను ప్రేమించే పరిశోధకులే అయిన ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ హార్వర్డ్‌లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ క్రోడీకరించి 2000లో చెప్పిందేమిటంటే, తరగతి గదిలో నాటకం వల్ల భాషాశక్తి పెరగడం వంటి ఒకటి రెండు చోట్ల తప్ప, కళల వల్ల ఇతర సబ్జెక్టుల మార్కులు పెరుగుతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. ఈ ఫలితం కళావిద్యకు దెబ్బ కాదు, విముక్తి. మార్కుల కోసమే బొమ్మలు వేయించే బడి, అంతకంటే చవకగా మార్కులు పెంచే ఉపాయం దొరికిన మరునాడే బొమ్మలను మానిపిస్తుంది. తెలుగు పద్యం నేర్పడానికి రసాయన శాస్త్రంలో దాని ప్రయోజనమేమిటని ఎవరూ అడగరు. చిత్రలేఖనాన్నీ అలా అడగకూడదు. నిదానించి గమనించడం, లేనిదాన్ని ఊహించడం, చెరిపి మళ్ళీ వేయడం, తన పనిని తానే నిలబడి విమర్శించుకోవడం అందులోనే నేర్చుకునే విషయాలు, వాటి విలువ వాటిదే.

లేనివాళ్ళకు ఈ సరదాలెందుకన్న వాదం దయ రూపంలో వచ్చినా దాని ఫలితం మాత్రం అన్యాయం. బడిలో బొమ్మల పీరియడ్ తీసేస్తే ఏలూరు పట్టణంలో డబ్బున్న ఇంటి పిల్లవాడు వేసవి సెలవుల్లో ఫీజు కట్టి డ్రాయింగ్ క్లాసుకు వెళతాడు. గుడివాకలంకలోనో ప్రత్తికోళ్ళలంకలోనో ఉన్న పిల్లవాడికి బడి తప్ప మరో చోటు లేదు. బడి నుంచి తీసేసిన ప్రతిదీ ఉన్నవాళ్ళ సొత్తు అవుతుంది. 2009 విద్యాహక్కు చట్టంలోని ఒక నిబంధన ఈ అన్యాయానికి చట్టం ముద్ర కూడా వేసింది. ఆ చట్టపు షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడిలో కళావిద్యకు, వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి, అయితే పిల్లల సంఖ్య 100 దాటినప్పుడు మాత్రమే. నీటి మధ్య ఉన్న చిన్న ఊళ్ళ చిన్న బడులు ఆ సంఖ్యను ఎక్కడ అందుకుంటాయి? విద్యార్థులు తక్కువైతే లెక్కల పాఠం తగ్గదు, కళ మాత్రం తగ్గుతుందన్న ఈ లెక్కకు విద్యాపరమైన సమర్థన ఏదీ లేదు. పేదరికం తీరాక కళ అన్న వరసకు చరిత్రలోనూ ఆధారం కనిపించదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో బందరులో జాతీయ కళాశాల స్థాపించినప్పుడు దేశం పరాయి పాలనలో ఉంది, చందాలు తప్ప నిధులు లేవు. ఆ బడిలో చేతిపనితో పాటు చిత్రకళ కూడా చోటు సంపాదించింది. 1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీమ్, అంటే వృత్తి కేంద్రంగా సాగే ప్రాథమిక విద్య, కోట్లాది నిరుపేద పల్లె పిల్లలను ఉద్దేశించినది. దాని పాఠ్యక్రమాన్ని రూపొందించిన జాకిర్ హుస్సేన్ సంఘం మాతృభాష, గణితం, సామాన్య శాస్త్రాల పక్కనే చిత్రలేఖనాన్నీ సంగీతాన్నీ విడివిడి అంశాలుగా చేర్చింది. శాంతినికేతన్‌లో చదివిన దేవీప్రసాద్ 1940లలో సేవాగ్రామ్ బడిలో పల్లె పిల్లలకు ఏళ్ళ తరబడి బొమ్మలు నేర్పి, ఆ అనుభవాన్ని గ్రంథంగా రాశాడు. తిండికి కొరత ఉన్న దేశంలోనే, ఆ కొరత బాగా తెలిసినవారే ఈ నిర్ణయాలు చేశారు.

ఇప్పుడు మిగిలింది అన్నిటికంటే మర్యాదగా కనిపించే వాదం. గణితం, సైన్సు, సాంఘికం పాఠాల్లో బొమ్మలు, పాటలు, నాటికలు వాడుతూ చెప్పడాన్ని కళాసమ్మిళిత బోధన అంటారు. 2020 జాతీయ విద్యావిధానం దాన్ని ప్రోత్సహించింది, అది మంచిదే. కానీ అదే విద్యావిధానం కళలకూ విజ్ఞాన శాస్త్రాలకూ, పాఠ్య, సహపాఠ్య అంశాలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదని కూడా చెప్పింది. దాని ఆధారంగా 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కళావిద్యను విడి పాఠ్యరంగంగానే గుర్తించింది. అంతకు ముందు 2005 చట్రం పదో తరగతి వరకూ కళ తప్పనిసరిగా ఉండాలని చెప్పింది. సమ్మిళితం ఉంది గనుక విడి పీరియడ్ వద్దనేవారు సగం వాక్యమే చదువుతున్నారు. తెలుగు మాధ్యమపు బడిలో అన్ని పాఠాలూ తెలుగులోనే జరుగుతాయి, అందువల్ల తెలుగు పీరియడ్ తీసేద్దామని ఎవరూ అనలేదు. సొంత గంట, సొంత గురువు లేని కళ మరో సబ్జెక్టుకు చార్టు రాసిపెట్టే సహాయకుడిగా మిగులుతుంది.

ఆ మాట నిజమని రాష్ట్రపు అనుభవమే చూపిస్తుంది. 2011 రాష్ట్ర విద్యాప్రణాళికా చట్రం వెలువడిన తరువాత వచ్చిన సైన్సు పుస్తకాల్లో బొమ్మలు గీయడం ద్వారా భావప్రసారమూ సౌందర్యాత్మక స్పృహా సాధించవలసిన విద్యాప్రమాణాలుగా అచ్చయ్యాయి; ఇంత ఉదాత్తమైన లక్ష్యం మరే పుస్తకంలోనైనా అరుదు. గీయడం నేర్పే మనిషి లేని బడిలో ఆ లక్ష్యం మందారపువ్వు నిలువుకోత బొమ్మను గైడులో చూసి పదిసార్లు దించి కంఠస్థం చేయడంగా మారింది. బడి గోడ పక్కనే మందారం పూస్తూ ఉంటుంది. దాన్ని కోసి, కేసరాల గొట్టం కీలం చుట్టూ ఎలా అమరిందో చూసి గీసే పిల్లలు ఎందరు? చరిత్ర పాఠం సంగతీ అంతే. ఏలూరు జిల్లాలోనే కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం గుంటుపల్లి కొండ మీద క్రీస్తు పూర్వపు బౌద్ధ గుహాలయం ఉంది. లోపలికి వెళ్ళి తలెత్తి చూస్తే గుండ్రటి కప్పు అంతా రాతి వాసాలతో కనిపిస్తుంది; చుట్టూ గోడ మీద నుంచి లేచి నడినెత్తిన ఒకచోట కలిసే ఆ వాసాలు కప్పును మోయడం లేదు, ఎందుకంటే అది తొలిచిన కొండ. కోస్తా పల్లెల్లో తాటాకు చుట్టిల్లు కప్పును లోపలి నుంచి చూసినవారెవరైనా దాన్ని గుర్తుపడతారు. చెక్కతోనూ గడ్డితోనూ కట్టిన గుండ్రటి ఇంటిని చూసి రెండు వేల ఏళ్ళ కిందటి శిల్పి ఆ రూపాన్ని రాతిలో నిలిపాడు. సాంఘిక శాస్త్రపు పాఠంలో దీన్ని ఒక వాక్యంగా బట్టీ పట్టవచ్చు. ఆ కప్పు కింద కూర్చుని వాసాలను ఒక్కొక్కటే గీసిన విద్యార్థికి అయితే, మోయవలసిన అవసరం లేని వాసాలను శిల్పి ఎందుకు చెక్కాడన్న ప్రశ్న తనంతట తానే పుడుతుంది. చరిత్ర అధ్యయనం మొదలయ్యేది అలాంటి ప్రశ్నతోనే.

వార్షికోత్సవంలో సినిమా పాటకు నెల రోజులు అభ్యాసం చేయించిన నృత్యాన్ని చూపించి, తమ బడిలో కళ ఉందనే యాజమాన్యాలకు పెద్ద జవాబు అవసరం లేదు. ప్రేక్షకుల కోసం చేసే ప్రదర్శన వేరు, ప్రేక్షకులు లేని మధ్యాహ్నం జరిగే అభ్యాసం వేరు. అచ్చు వేసిన రేఖల మధ్య రంగు నింపే పోటీలూ అంతే. ఈ మధ్య మాట రాసిస్తే యంత్రమే బొమ్మ గీసిపెడుతుంటే పిల్లలకు నేర్పడమెందుకన్న ప్రశ్న కూడా వినవస్తోంది. క్యాలిక్యులేటరు వచ్చాక ఎక్కాలు మానలేదు. యంత్రం గీసిన పెలికాన్‌కు సంచి తప్పు చోట వేలాడుతుంటే ఆ తప్పు పట్టుకోవడానికైనా పెలికాన్‌ను చూసిన కన్ను ఒకటి ఉండాలి.

చేయవలసిన పని అసాధ్యమైనదేమీ కాదు. ఆరు నుంచి పది తరగతుల దాకా వారానికి రెండు పీరియడ్‌లు, వాటిని మరే సబ్జెక్టూ తీసుకోరాదన్న ఉత్తర్వు, 100 మంది నిబంధన తొలగింపు, చిన్న లంక బడులు నాలుగైదింటికి కలిపి తిరుగుతూ చెప్పే ఒక కళోపాధ్యాయుడు: ఇవి మొదటి మెట్టు. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు ఉత్తీర్ణులై, టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్ పొందినవారు రాష్ట్రంలో ఉన్నారు, కొరత పోస్టులకే. పదో తరగతి ఆరు సబ్జెక్టుల పక్కన చిత్రలేఖనాన్ని ఏడో 100 మార్కుల పరీక్షగా చేర్చడం మాత్రం తగదు, ఎందుకంటే మరుసటి ఏడాదికే దానికీ గైడు వస్తుంది. ఆరో తరగతిలో తెరిచిన బొమ్మల పుస్తకాన్ని పదో తరగతి దాకా దాచి, తొలి పేజీనీ చివరి పేజీనీ పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లవాడు ఏం నేర్చుకున్నాడో ఏ మార్కు కంటే స్పష్టంగా తెలుస్తుంది. ఖర్చు మాట ఎత్తేవారు లెక్క వేసి చూడవచ్చు: పెన్సిలు, తెల్ల కాగితం, చెరువు గట్టు మట్టి, రెల్లు పుల్ల, ఇటుక పొడి, ఆకు పసరు కొల్లేటి ఒడ్డున ఏ బడికీ భారం కావు. జీతం ఇవ్వవలసిన ఉపాధ్యాయుడు ఒక్కడే ఇందులో నిజమైన ఖర్చు, ఆ ఖర్చును లెక్కల ఉపాధ్యాయుడి విషయంలో ఏ ప్రభుత్వమూ ఏ తల్లిదండ్రులూ ఇంతవరకు ప్రశ్నించలేదు.